ఆవిరి చేరని మూల: చిన్న క్లినిక్కుకు ఆటోక్లేవ్ ఎంచుకునే ముందు

బెంగళూరులో నీళ్లు 100 డిగ్రీలకు మరగవు. సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి 97 డిగ్రీల దగ్గరే కుతకుతలాడతాయి. నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో వచ్చి ఇక్కడ కాపురం పెట్టినవారికి, గిన్నెలో వేసిన కందిపప్పు ఒక పట్టాన మెత్తబడనప్పుడు ఈ సంగతి తెలిసివస్తుంది. వంటింట్లో అది కాసేపటి ఆలస్యం, అంతే. అదే ఊళ్లో మారతహళ్లిలోనో కృష్ణరాజపురంలోనో ఉన్న రెండు కుర్చీల దంతవైద్యశాలలో మాత్రం అది ఆలస్యంతో పోదు. అక్కడ సింకు పక్కన, పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే, ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్ ఉంటుంది. దాని ఒత్తిడి చూపే ముల్లు 15 పౌండ్ల దగ్గర నిలబడి ఉంటుంది. 15 పౌండ్లంటే 121 డిగ్రీలని అందరూ చదువుకున్నదే. లోపల నిజంగా ఉన్నది 119 పైచిలుకు.

ముల్లు చూపేది లోపలి ఒత్తిడి మొత్తాన్ని కాదు. బయటి గాలి కన్నా లోపల ఎంత ఎక్కువుందో ఆ తేడాను మాత్రమే చూపుతుంది. బయటి గాలి చెన్నైలో చదరపు అంగుళానికి 14.7 పౌండ్లతో నొక్కితే బెంగళూరులో సుమారు 13.2 పౌండ్లతో నొక్కుతుంది. రెండు ఊళ్లలోనూ ముల్లు 15 దగ్గరే ఆగినా, బెంగళూరు యంత్రంలో ఒకటిన్నర పౌండ్ల లోటు ఉంటుంది. ఉష్ణోగ్రతలో చెప్పాలంటే అది ఒకటిన్నర నుంచి రెండు డిగ్రీలు. ఇంతేనా అనిపిస్తుంది. ఆటోక్లేవ్‌లను పరీక్షించడానికి వాడే జియోబాసిల్లస్ స్టీరోథెర్మోఫిలస్ అనే మొండి బ్యాక్టీరియా స్పోర్ల (గట్టి పొర కప్పుకుని నిద్రాణంగా ఉండే రూపం) విషయంలో, వేడి 10 డిగ్రీలు తగ్గితే అవి చావడానికి పట్టే సమయం దాదాపు పది రెట్లవుతుంది. ఆ లెక్కన బెంగళూరులో ముల్లును నమ్మి 15 నిమిషాలు ఉంచితే, అది 121 డిగ్రీల దగ్గర సుమారు పది నిమిషాలు ఉంచినదానితో సమానం. మూడో వంతు పని జరగలేదన్నమాట. వెయ్యి అడుగుల ఎత్తుకు అర పౌండు చొప్పున కలుపుకోవాలని ఒక పాత లెక్క ఉంది. దాని ప్రకారం 3,000 అడుగుల ఎత్తున్న బెంగళూరులో ముల్లు 16.5 దగ్గర నిలవాలి. వెయిట్‌తో నడిచే యంత్రంలో ఆ సర్దుబాటుకు వీల్లేదు. దాని వెయిట్ ఏ ఊళ్లోనైనా 15కే లేస్తుంది. అలాంటి యంత్రం వాడక తప్పనివారు సమయమైనా పెంచుకోవాలి.

ఆటోక్లేవ్ కొనబోయేవారు సాధారణంగా అడిగేవి మూడు: ఎన్ని లీటర్లు, ఎన్ని నిమిషాలు, ఎంత ధర. ఈ మూడింటికీ జవాబు కంపెనీ కాగితంలో దొరుకుతుంది. అసలు అడగాల్సిన ప్రశ్నకు అక్కడ జవాబు ఉండదు, ఎందుకంటే అది యంత్రం గురించి కాదు, క్లినిక్కులోని పరికరాల గురించి. ఆ పరికరాల్లో గాలి ఎక్కడెక్కడ దాక్కుంటుంది? ఆ గాలిని ఈ యంత్రం బయటికి లాగగలదా? ఇది తేలితే మిగిలిన ఎంపిక చాలావరకు దానంతట అదే తేలుతుంది.

గాలి ఎందుకు అడ్డం

ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు ఆవిరి తగిలి చెయ్యి కాలనివారు ఉండరు. అదే వేడి ఉన్న పొడి గాలిలో చెయ్యి ఒక్క క్షణం ఉంచితే ఏమీ కాదు. తేడా వేడిలో లేదు. ఆవిరి చల్లని వస్తువును తాకగానే నీరవుతుంది, నీరయ్యే ఆ క్షణంలో తనలో దాచుకున్న వేడినంతా అక్కడే వదిలేస్తుంది. 121 డిగ్రీల ఆవిరి ఒక కిలో నీరుగా మారితే దాదాపు 2,200 కిలోజౌళ్ల వేడి విడుదలవుతుంది. అదే కిలో నీరు 121 నుంచి 100కు చల్లారితే వచ్చేది 90 కిలోజౌళ్లు కూడా ఉండదు. ఆటోక్లేవ్ పనంతా ఆ తాకి నీరయ్యే క్షణంలోనే ఉంది. ఆవిరి తాకని చోట శుద్ధి జరగదు.

తాకకుండా అడ్డుపడేది గాలి. లోపల గాలి మిగిలి ఉంటే ముల్లు గాలి ఒత్తిడినీ ఆవిరి ఒత్తిడినీ కలిపి చూపుతుంది. సముద్రమట్టం దగ్గర ముల్లు 15 పౌండ్లు చూపుతున్నా, గాలిలో సగమే బయటికి పోయి ఉంటే లోపల 112 డిగ్రీలే ఉంటుంది. అసలేమీ పోకపోతే 100 దగ్గరే ఆగిపోతుంది. ముల్లు మాత్రం అన్ని సందర్భాల్లోనూ ఒకేలా నిలబడి ఉంటుంది. మన అమ్మమ్మలు కుక్కర్ మూత పెట్టగానే వెయిట్ పెట్టేవారు కాదు. గొట్టంలోంచి ఆవిరి బుసబుసమని నిలువుగా లేచాకే పెట్టేవారు. లోపలి గాలి పోవాలన్న సూత్రాన్ని వారు చేతితో పాటించారు. అన్నం ఉడకడానికి ఆ జాగ్రత్త చాలు, ఎందుకంటే అన్నం మెతుకుల్లో సన్నని గొట్టాలేవీ లేవు.

దంతవైద్యుడి చేతిలో ఉండే, పన్ను తొలిచే హ్యాండ్‌పీస్‌లో ఉన్నాయి. బయటి నుంచి చూస్తే అది నున్నటి ఉక్కు పెన్నులా ఉంటుంది. తోక వైపు తిప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రెండో నాలుగో చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. ఒకదానిలోంచి గాలి, ఒకదానిలోంచి నీరు లోపలికి వెళ్లి తలలో ఉన్న బుల్లి చక్రాన్ని తిప్పుతాయి, బర్ అనే తొలిచే మొన మీద తుంపరగా పడతాయి. ఆ గొట్టాల లోపలి వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. పెడల్ మీంచి కాలు తీయగానే తిరుగుతున్న చక్రం ఆగుతూ ఆగుతూ లోపల కాస్త ఖాళీని సృష్టిస్తుంది, నోట్లో ఉన్న ఉమ్మినీ నెత్తురునూ ఒక చుక్క లోపలికి పీల్చుకుంటుంది. బయట ఎంత తుడిచినా ఆ చుక్క అక్కడే ఉంటుంది. తరువాతి రోగి నోట్లో పెడల్ నొక్కినప్పుడు బయటికొస్తుంది.

ఇలాంటి హ్యాండ్‌పీస్‌ను మామూలు ఆటోక్లేవ్‌లో పెడితే ఏమవుతుంది? ఆవిరి రెండు చివర్ల నుంచీ గొట్టంలోకి వస్తుంది, మధ్యలో ఉన్న గాలికి పోయే దారి ఉండదు. అది బుడగలా ఇరుక్కుపోతుంది. బుడగ ఉన్నచోట ఉన్నది ఆవిరి వేడి కాదు, పొడి వేడి. పొడి వేడితో స్పోర్లు చావాలంటే 160 డిగ్రీల దగ్గర రెండు గంటలు కావాలి. ఇక్కడ దొరికేది 121 దగ్గర పావుగంట. యంత్రం తెర మీద అన్నీ సరిగ్గానే ఉంటాయి, సైకిల్, అంటే ఒక విడత పని, పూర్తయిందని గంట మోగుతుంది, పరికరం చెయ్యి కాలేంత వేడిగా బయటికొస్తుంది. గొట్టం మధ్యలో మాత్రం ఏమీ జరిగి ఉండకపోవచ్చు.

ఎన్, ఎస్, బి

చిన్న ఆవిరి స్టెరిలైజర్లకు ఈఎన్ 13060 అనే యూరోపియన్ ప్రమాణం ఉంది. డీలర్లు చెప్పే ఎన్ క్లాసు, ఎస్ క్లాసు, బి క్లాసు అన్న మాటలు అందులోంచే వచ్చాయి. అవి నాణ్యతకు ఇచ్చిన మార్కులు కావు. ఏ సైకిల్ ఏ రకం వస్తువుకు పనికొస్తుందో చెప్పే గుర్తులు.

ఎన్ క్లాసులో ఆవిరి పైనుంచి నిండుతూ బరువైన గాలిని కిందికి నెట్టేస్తుంది. చుట్టని, గొట్టాలు లేని గట్టి లోహపు పరికరాలకే ఇది. మౌత్ మిర్రర్లు, ప్రోబులు, పళ్లు తీసే ఫోర్సెప్స్‌ను ట్రేలో విడిగా పరిచి, తీసిన వెంటనే వాడేట్టయితే చాలు. పౌచ్‌లో, అంటే ఒక వైపు కాగితం, ఒక వైపు ప్లాస్టిక్ ఉన్న మూసే సంచిలో పెట్టినవాటికీ, హ్యాండ్‌పీస్‌కూ ఇది పనికిరాదు. బి క్లాసులో వాక్యూమ్ పంపు ఉంటుంది. అది గాలిని ముందే లాగేస్తుంది, అదీ ఒకసారి కాదు, సాధారణంగా మూడు దఫాలుగా, మధ్యమధ్య ఆవిరి నింపుతూ. ఈ దఫాల లెక్క చూస్తే దాని విలువ అర్థమవుతుంది. ఒకసారి లాగితే పదో వంతు గాలి మిగిలిందనుకుందాం. ఆవిరి నింపి మళ్లీ లాగితే నూరో వంతు, మూడోసారికి వెయ్యో వంతు. ఒక్కసారి గట్టిగా లాగడం కన్నా మూడుసార్లు లాగడం అంత మేలు. చివర్లో అదే పంపు తడిని కూడా లాగేస్తుంది, పౌచ్‌లు పొడిగా బయటికొస్తాయి.

ఎస్ క్లాసు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, అసలు చిక్కు ఇక్కడే. అది దేనికి పనికొస్తుందో తయారీదారు రాసిచ్చిందే లెక్క. ఒక ఎస్ యంత్రం పౌచ్‌లో పెట్టిన గట్టి పరికరాలకు సరిపోవచ్చు, మరొకటి ఫలానా హ్యాండ్‌పీసులకు కూడా సరిపోవచ్చు. అమ్మే మనిషి నోటిమాటగా ‘అన్నిటికీ బాగుంటుంది సార్’ అంటే సరిపోదు. వాడే హ్యాండ్‌పీస్ పేరు చెప్పి, దానికి పనికొస్తుందని యంత్రం మాన్యువల్‌లో రాసి ఉన్న పేజీ చూపించమని అడగాలి. చూపించలేకపోతే ఆ యంత్రాన్ని ఎన్ క్లాసుగానే లెక్కించడం క్షేమం.

ధరలో ఈ రకాల మధ్య తేడా పెద్దది. కుక్కర్ తరహా యంత్రం కొన్ని వేలకు వస్తుంది, బి క్లాసుకు దానికి ఎన్నో రెట్లు పెట్టాలి. కొత్తగా అప్పు తీసుకుని క్లినిక్ తెరిచినవారికి అది తేలికైన మాట కాదు. అయినా దంతవైద్యంలో రోజూ హ్యాండ్‌పీస్ ముట్టకుండా గడవదు కాబట్టి, అక్కడ బి క్లాసుకు బదులు ఇంకొకటి వెతకడంలో అర్థం లేదు. కుర్చీ మీద తోలు, గోడ మీద టీవీ, ముందు గదిలో సోఫా తరువాతైనా కొనుక్కోవచ్చు. చెవి, ముక్కు, గొంతు డాక్టర్ల దగ్గర సన్నని సక్షన్ గొట్టాలుంటాయి. వారికీ ఇదే మాట. అప్పుడప్పుడు కుట్లు వేసి కట్టు కట్టే కుటుంబ వైద్యుడి సంగతి వేరు. సూది పట్టుకునే నీడిల్ హోల్డరు, కత్తెర, ఫోర్సెప్స్ తప్ప ఇంకేమీ లేనప్పుడు, పౌచ్‌లకు పనికొస్తుందని రాసిచ్చిన, ఆరబెట్టే సదుపాయమున్న ఎస్ క్లాసు యంత్రం ఆ పనికి చాలు. అక్కడ బి క్లాసు కొనిపించడం అనవసరపు ఖర్చు పెట్టించడమే.

ఇంకో రెండు వస్తువుల గురించి ఒక్క మాట. నీలి వెలుగు వచ్చే యూవీ పెట్టె శుద్ధి చేసే యంత్రం కాదు. వెలుగు పడిన వైపు తప్ప పరికరం అడుగున దానికి శక్తి లేదు. శుద్ధి చేసిన పౌచ్‌లు దాచుకునే అల్మారాగా వాడుకుంటే వాడుకోవచ్చు. 2 శాతం గ్లుటరాల్డిహైడ్‌లో ఇరవై నిమిషాలు ముంచి తీయడమూ స్టెరిలైజేషన్ కాదు. స్పోర్లు చావాలంటే అందులో పది గంటలు నానాలి. వేడిని తట్టుకునే పరికరాన్ని రసాయనంలో ముంచడానికి సబబైన కారణమేదీ లేదు.

లీటర్లు, నిమిషాలు

ప్రామాణికంగా 121 డిగ్రీల దగ్గర కనీసం 15 నిమిషాలు, 134 డిగ్రీల దగ్గర కనీసం 3 నిమిషాలు ఉంచాలి. చాలా యంత్రాలు ఇంకాస్త ఎక్కువే పెట్టుకుంటాయి. డీలరు కాగితంలో పెద్దక్షరాలతో ఉండే నిమిషాలు ఇవే. వాస్తవంలో వేడెక్కడం, మూడు దఫాలు గాలి లాగడం, ఆరబెట్టడం అన్నీ కలిసి బి సైకిల్ ముప్పావుగంట అటూ ఇటూ పడుతుంది. పౌచ్‌లు పేర్చడం, తీశాక చల్లారడం కలిపితే గంట. రోజుకు పద్నాలుగు మంది రోగులు వచ్చే చోట, వారిలో ఎనిమిది మందికి హ్యాండ్‌పీస్ అవసరమైతే, రెండే హ్యాండ్‌పీసులున్న క్లినిక్కులో సాయంత్రం ఆరు గంటల రద్దీకి ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. బయట బెంచీ మీద నలుగురు కూర్చుని ఉంటారు, యంత్రంలో ఇంకా ఇరవై అయిదు నిమిషాలు మిగిలి ఉంటాయి. ఎవరో ఒకరు స్పిరిట్ దూదితో తుడిచి ఇచ్చేస్తారు. చెడ్డ మనుషులై కాదు, ఒత్తిడికి లొంగి.

ఈ ఒత్తిడికి మందు వేగంగా నడిచే యంత్రం కాదు, ఇంకో నాలుగు హ్యాండ్‌పీసులు. పది నిమిషాల్లో ముగిసే సైకిళ్లు ఉన్నాయి, కానీ అవి సాధారణంగా పౌచ్ లేని, గొట్టాలు లేని వస్తువుల కోసం పెట్టినవి. రద్దీ వేళ ఆ బటన్ నొక్కాలనే ప్రలోభం కలిగించడమే వాటి నష్టం. బడ్జెట్‌లో యంత్రానికి ఎంతో, పరికరాల అదనపు సెట్లకు ఎంతో ఒకేసారి రాసుకోవాలి.

లీటర్ల విషయం చకచకా తేల్చుకోవచ్చు. రెండు కుర్చీలకు 18 లీటర్లు సరిపోతుంది, శస్త్రచికిత్సలు ఎక్కువైతే 22, 23 లీటర్లది నయం. పౌచ్‌లు ఒకదాని మీద ఒకటి పడకుండా పేర్చాలి కాబట్టి గది నిండా కుక్కవచ్చనే లెక్క వేసుకోకూడదు. కొనే ముందు ఇంప్లాంట్ పనిముట్లు పెట్టే క్యాసెట్‌ను, అన్నిటికన్నా పొడుగైన పరికరాన్ని టేపుతో కొలిచి, యంత్రం లోపలి లోతుతో సరిచూసుకోవాలి. లీటర్లు సరిపోయి, పొడవు సరిపోక తలుపు పట్టని సందర్భాలు ఉంటాయి.

బెంగళూరు నీళ్లు, బెంగళూరు కరెంటు

తూర్పు బెంగళూరులో చాలాచోట్ల కుళాయిలో వచ్చేది బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో. గీజరు విప్పించి చూసినవారికి ఆ రాడ్డు మీద పేరుకున్న తెల్లటి సున్నపు పొర తెలుసు. ఆ నీళ్లే ఆటోక్లేవ్‌లో పోస్తే అదే పొర ఆవిరి పుట్టే చోట, వాల్వుల్లో, సన్నని పైపుల్లో పేరుకుంటుంది. క్లోరైడు ఎక్కువైతే స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా సూదిమొనంత గుంటలు పడతాయి. ప్రమాణం కోరే నీరు చాలా శుద్ధమైనది: విద్యుద్వాహకత సెంటీమీటరుకు 15 మైక్రోసీమెన్లకు మించకూడదు. క్లినిక్కులో ఇది కొలవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. వాటర్ ప్యూరిఫయర్ అమ్మేవాళ్లు జేబులో పెట్టుకు తిరిగే టీడీఎస్ పెన్ను చాలు. అందులో అంకె ఏడెనిమిదికి మించకూడదు. తాగడానికి వాడే ఆర్వో నీళ్లలో ఆ పెన్ను ముంచితే తరచుగా యాభై దాటుతుంది. అంటే తాగడానికి మంచి నీరే ఆటోక్లేవ్‌కు ఉప్పు నీరు.

ఏసీ నుంచి కారే నీళ్లు డిస్టిల్డ్ వాటరే కదా అనే మాట చాలామంది నోట వినిపిస్తుంది. అది గాలిలోని ఆవిరి చల్లబడి వచ్చిన నీరే అయినా, ఫిన్ల మీది దుమ్మునూ బూజునూ కడుక్కుంటూ వస్తుంది. దాన్ని యంత్రంలో పోయకూడదు. క్యాన్లలో దొరికే డిస్టిల్డ్ వాటర్‌ను ప్రతి క్యానుకూ పెన్నుతో చూసి పోసుకోవచ్చు. లేదా బల్ల మీద పెట్టుకునే చిన్న డిస్టిలేషన్ యంత్రం కొనుక్కుంటే నాలుగు లీటర్లు నాలుగైదు గంటల్లో వస్తాయి. ఒకసారి ఆవిరై వచ్చిన మురికి నీరు విడిగా వేరే డబ్బాలో పడే ఏర్పాటు ఆటోక్లేవ్‌లో ఉందో లేదో కూడా చూడాలి. వాడిన నీటినే తిప్పి తిప్పి వాడే యంత్రాల్లో హ్యాండ్‌పీసులకు వేసిన నూనె అంతా ఆ నీళ్లలో తేలుతుంది.

కరెంటు విషయంలో లెక్క సూటిగా ఉంటుంది. 2 కిలోవాట్ల యంత్రం 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫోను ఛార్జరు పెట్టే మామూలు ప్లగ్గు దానికి చాలదు. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, దానికి సొంత ఎంసీబీ, మంచి ఎర్తింగ్ ఉండాలి. ఇంటి ఇన్వర్టర్ దాన్ని మోయలేదు. భవనానికి జనరేటర్ ఉందని ఓనరు చెప్పినా, అది దీపాలకూ లిఫ్టుకూ మాత్రమేనా, పవర్ ప్లగ్గులకు కూడానా అన్నది అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకముందే అడగాలి. సైకిల్ మధ్యలో కరెంటు పోతే ఆ దఫా లెక్కలోకి రాదు. తడిసిన పౌచ్‌లు తీసేసి, కొత్తవాటిలో పెట్టి, మొదటి నుంచి నడపాల్సిందే. కరెంటు వచ్చాక ‘మిగిలింది’ కొనసాగించవచ్చనుకోవడం పొరపాటు.

ఊరి ఎత్తు బి క్లాసు యంత్రాన్ని కూడా వదలదు. ఉష్ణోగ్రతను నేరుగా కొలిచి నడుచుకుంటుంది కాబట్టి దానికి ముల్లు సమస్య లేదు. వాక్యూమ్ దగ్గర మాత్రం చిక్కు రావచ్చు. బెంగళూరు గాలి ఒత్తిడే 0.9 బార్ చుట్టుపక్కల ఉంటుంది. సముద్రమట్టపు లెక్కతో అమర్చిన యంత్రం, ఇక్కడ అందుకోలేని లోతు కోసం పంపును తిప్పుతూనే ఉండి చివరికి తప్పు చూపి ఆగిపోవచ్చు. మంచి యంత్రాల్లో ఊరి ఎత్తును సరిదిద్దే అమరిక ఉంటుంది. బిగించడానికి వచ్చిన ఇంజనీరు దాన్ని మార్చాడో లేదో అడిగి తెలుసుకోవాలి. కర్ణాటకకు యంత్రాలు అమ్మేవారికి ఇది తెలిసి ఉండాలి, కానీ తెలిసే ఉంటుందని వదిలేయకూడదు.

యంత్రానికి ముందూ వెనుకా

ఎంత మంచి ఆటోక్లేవ్ అయినా ఎండిన నెత్తురును దాటి లోపలికి పోలేదు. నానబెట్టడం, అల్ట్రాసానిక్‌లో కడగడం, బ్రష్షు పెట్టడం, ఆరబెట్టడం, హ్యాండ్‌పీస్‌కు నూనె వేసి అదనపు నూనె బయటికి ఊదడం, ఇవన్నీ అయ్యాకే పౌచ్. ఫోర్సెప్స్, కత్తెరలు నోరు తెరిచి ఉంచాలి. పౌచ్‌ల కాగితం వైపు, ప్లాస్టిక్ వైపు ఒకదానికొకటి ఎదురుగా వచ్చేలా నిలువుగా పేర్చాలి. బయటికొచ్చిన పౌచ్ తడిగా ఉంటే అది శుద్ధమైన పౌచ్ కాదు. తడి కాగితం పట్టుకున్న చేతి మీది బ్యాక్టీరియాను లోపలికి పీల్చుకుంటుంది. పౌచ్ అంచున గోధుమరంగుకు తిరిగే గీతను చూసి చాలామంది నిశ్చింత పడతారు. ఆ గీత చెప్పేది పౌచ్ వేడిని చూసిందని మాత్రమే. వేడి ఎంతసేపు ఉందో, ఆవిరి లోపలికి చేరిందో లేదో అది చెప్పదు.

యంత్రం దాటి బయటపడిన తరువాత జరిగే పొరపాటు ఎంత దూరం పోగలదో బెంగళూరు, చెన్నై దారిలోనే ఉన్న తమిళనాడులోని తిరుపత్తూరు జిల్లాలో తేలింది. 2022, 2023ల్లో అక్కడ ఒక దంతవైద్యశాలకు వెళ్లివచ్చిన పది మందికి మెలియాయిడోసిస్ అనే బ్యాక్టీరియా వ్యాధి మెదడుకు సోకింది, ఎనిమిది మంది చనిపోయారు. పరిశోధకులు వెతికితే దొరికింది కడగడానికి వాడే సెలైన్ సీసా. దాన్ని ఒక శస్త్రచికిత్స పరికరంతో తెరిచి, మూత సరిగా బిగించకుండా, మళ్లీ మళ్లీ వాడారు. ఆటోక్లేవ్ కొనడానికి పెట్టే డబ్బు, ఆ పక్కనే అర లీటరు సీసా బదులు ఒక్కసారికే వాడి పారేసే చిన్న సీసాలు కొనకపోతే వృథా అవుతుంది. పళ్లు పీకించుకోవడానికి వెళ్లిన మనిషి ఇంటికి తిరిగి రాకపోవడం అనేది ఏ ఊళ్లోనూ జరగకూడని విషయం.

ఇక రోజూ యంత్రాన్ని నడిపేది డాక్టరు కాదు. హిందూపురం నుంచో మదనపల్లె నుంచో వచ్చి, పెయింగ్ గెస్ట్ గదిలో ఉంటూ, ఉదయం తొమ్మిదికి తాళం తీసే అసిస్టెంట్ అమ్మాయి. యంత్రం తెర మీద ఇంగ్లీషులో ఏదో తప్పు సంఖ్య కనిపిస్తుంది, డాక్టరు కుర్చీ దగ్గర పనిలో ఉంటారు, ఆమె ఆ సంఖ్యను చెరిపేసి మళ్లీ బటన్ నొక్కుతుంది. ఆ సంఖ్య అర్థం ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందుకే బిగించే రోజున ఇంజనీరు చెప్పేది ఆమె కూడా పక్కన నిలబడి వినాలి. ఏ సంఖ్య వస్తే ఆగాలో, ఏ సంఖ్య వస్తే ఫోను చెయ్యాలో ఆమె చదివే భాషలో, తెలుగైతే తెలుగులో, కన్నడమైతే కన్నడంలో ఒక కాగితం మీద రాసి యంత్రం పక్కన గోడకు అతికించాలి. తలుపు రబ్బరు రింగు తుడవడం, వడపోతలు మార్చడం కూడా ఆ కాగితంలో ఉండాలి. విడిభాగాలు ఊళ్లోనే దొరుకుతాయా, మనిషి ఒక్క రోజులో వస్తాడా అన్న ప్రశ్నలు, వాక్యూమ్ లోతు ఎంత అన్న ప్రశ్నతో సమానమైనవే.

యంత్రం ఇంటికొచ్చిన రోజు డబ్బు మొత్తం చెల్లించేయకుండా, ముందు మూడు పరీక్షలు చేయించుకోవాలి. మొదటిది లీక్ పరీక్ష: వాక్యూమ్ పట్టించి పది నిమిషాలు ఆపి ఉంచితే లోపలి ఒత్తిడి నిమిషానికి 1.3 మిల్లీబార్ కన్నా ఎక్కువ పెరగకూడదు. రెండోది హెలిక్స్ పరీక్ష. ఒకటిన్నర మీటరు పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న సన్నని గొట్టం చుట్ట అది. ఒక చివర మూసిన చిన్న గదిలో రంగు మారే కాగితపు ముక్క పెడతారు. అంత పొడవు దాటి ఆవిరి లోపలికి చేరితేనే ఆ ముక్క మొత్తం రంగు మారుతుంది. హ్యాండ్‌పీస్ గొట్టం కన్నా కఠినమైన దారి కాబట్టి, ఇది దాటిన యంత్రాన్ని హ్యాండ్‌పీస్ విషయంలో నమ్మవచ్చు. మూడోది స్పోర్ పరీక్ష. స్పోర్లున్న చిన్న సీసాను నిండా పేర్చిన సరుకు మధ్యలో పెట్టి సైకిల్ నడిపి, తరువాత దాన్నీ, యంత్రంలో పెట్టని మరో సీసానూ పక్కపక్కనే 55 నుంచి 60 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. యంత్రంలో పెట్టనిది ఊదా రంగు నుంచి పసుపుకు మారాలి, పెట్టినది ఊదాగానే మిగలాలి. రెండూ ఊదాగా ఉంటే పరీక్షే చెల్లలేదని అర్థం. హెలిక్స్ రోజూ ఉదయం, స్పోర్ సీసా వారానికొకసారి. తేదీ, సైకిల్ సంఖ్య, చూసినవారి సంతకం ఒక పొడుగు నోటుబుక్కులో వరుసగా పడుతూ ఉండాలి. ఏదైనా ఒక వారం యంత్రంలో పెట్టిన సీసా కూడా పసుపుగా మారితే, ఏ రోజు నుంచి ఏ పౌచ్‌లను వెనక్కి తీసుకోవాలో చెప్పేది ఆ పుస్తకమే.